ఎన్నడుగులుందంట?

పదిమంది తెలుగువాళ్ళు కలిసి నదికి వెళ్దామనుకుంటే ముందు తేలే విషయం బిర్యానీ. తర్వాత ఎవరి కార్లు. ఆ తర్వాత ఏ వీకెండు. నది సంగతి ఏడో ఎనిమిదో స్థానంలో వస్తుంది, అదీ ఎవరికన్నా గుర్తొస్తే. నాకీ మధ్య కొత్తగా పట్టుకున్న చేపల పిచ్చి వల్ల, ఆ గుర్తుచేసే బాధ్యత నా నెత్తిన పడింది. మొన్న జూన్‌లో ఆ బాధ్యత కాస్తా నన్ను మా బాచ్‌లో 'పిరికిపంద' పోస్టుకి ప్రమోట్ చేసింది. ఆ కథ చెప్తాను, దాంతోపాటు నా వాదన కూడా.

మేముండేది ఉత్తర వర్జీనియాలో. ఇక్కణ్ణుంచి పడమటికి గంటా గంటన్నర పోతే షెనండోవా నది. అందులో సౌత్ ఫోర్క్ అనే పాయ ఒక పక్క బ్లూరిడ్జ్ కొండలూ, ఇంకోపక్క మాసనటన్ కొండా పెట్టుకుని, పాములా వంకర్లు తిరుగుతూ ఫ్రంట్ రాయల్ ఊరిదాకా వచ్చి నార్త్ ఫోర్క్‌లో కలుస్తుంది. నీళ్ళు మామూలుగా నడుంలోతు, చాలాచోట్ల మోకాలిలోతు. అడుగున రాళ్ళు, ఆ రాళ్ళసందుల్లో క్రేఫిష్‌లు (మన రొయ్యకీ పీతకీ మధ్యరకం అనుకోండి), ఆ క్రేఫిష్‌ల కోసం కాచుక్కూచునేది స్మాల్‌మౌత్ బాస్. గోధుమరంగు ఒళ్ళు, నిలువు చారలు, ఎర్రటి కళ్ళు. అడుగు పొడవున్న చేప కూడా గాలానికి పడితే ఆవుదూడని పగ్గం పట్టి లాగినట్టుంటుంది. చిన్నప్పుడు మా ఊరి కాలవగట్టున వెదురుకర్రకి బెండు కట్టి, ఎర్రని గుచ్చి గంటలకొద్దీ కూర్చున్నవాణ్ణి నేను. అక్కడ పడ్డ చేపలన్నీ కలిపినా ఇంత పోట్లాట పెట్టలేదు.

ఇందులో నాకు నచ్చిన పిట్టకథ ఒకటుంది. ఈ చేప ఈ నదిది కాదు. దీని సొంత ప్రాంతం కొండలకవతల ఓహైయో నదీ, గ్రేట్ లేక్స్ వైపు. 1854లో బాల్టిమోర్ అండ్ ఓహైయో రైలింజను వెనకుండే నీళ్ళ టాంకులో కొన్ని చేపల్ని పెట్టి, కొండలు దాటించి, మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దగ్గర వదిలారు. అక్కణ్ణుంచి పొటోమాక్‌లోకీ, దాని ఉపనదుల్లోకీ పాకిపోయింది. అంటే ఇది కూడా మనలాగే బయటినుంచి వచ్చి సెటిలయిన బాపతే, కాకపోతే వీసా స్టాంపింగు గొడవ లేదు.

సరే, ప్లానింగు. ముందు సీజను. నీళ్ళు అరవై డిగ్రీల ఫారెన్‌హీట్‌కి అటూ ఇటూగా వేడెక్కే వసంతకాలంలో ఇది గుడ్లు పెడుతుంది. మగచేప గూడు కట్టి, కాపలా కాస్తుంది. ఆ సమయంలో గూడు దగ్గరికి ఏది వచ్చినా మీదపడుతుంది కాబట్టి పట్టడం తేలిక, కానీ దాన్ని పైకి లాగిన నిమిషంలో మిగతా చేపలొచ్చి గుడ్లు తినేసి పోతాయి. నా మటుకు నాకు అది వేట కాదు, ఇంట్లో నాన్న లేని టైములో దొంగతనానికెళ్ళడం. అందుకని జూన్ రెండోసగం అన్నాను. జులై నాలుగుకి వెళ్తే ట్యూబుల్లో తేలేవాళ్ళ రద్దీలో గాలం వెయ్యడానికి జాగా ఉండదు. అలా ఒకే ఒక్క వీకెండు మిగిలింది. గ్రూపులో ఓటింగు పెడితే పద్నాలుగు మంది 'పక్కా' అన్నారు. 'పక్కా' అన్నవాళ్ళలో మూడోవంతు తగ్గించుకోవాలని ఏ ప్రాజెక్టు మేనేజరైనా చెప్తాడు. తొమ్మిది మంది తేలాం.

తర్వాతది బళ్ళ లెక్క. నదిలో దిగేది ఒకచోట, తేలేది ఇంకోచోట. కార్లు పైన ఉంటాయి, మనుషులు కింద ఉంటారు. పులి-మేక-గడ్డిమోపు లెక్క చిన్నప్పుడు చేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. పడవలు అద్దెకిచ్చేవాళ్ళు తమ వ్యానులో పైకి తీసుకెళ్ళి దించుతారు, మన కార్లు కిందే ఉంటాయి, గొడవ లేదు. కానీ ఎంత దూరం? ఇక్కడే అందరూ బోల్తా కొడతారు. తెడ్డు వేసుకుంటూ పోతే గంటకి మూడు మైళ్ళు పోవచ్చు. గాలం వేస్తూ, చిక్కుముళ్ళు విప్పుకుంటూ, రాళ్ళమీద ఆగుతూ, ఫొటోలు దిగుతూ పోతే ఒక మైలు, మహా అయితే ఒకటిన్నర. పదిమైళ్ళ ట్రిప్పు బుక్ చేద్దాం, డబ్బులకి తగ్గ దూరం వస్తుంది అన్నవాడికి ఈ లెక్క చెప్పి అయిదారు మైళ్ళకి ఒప్పించేసరికి రెండు రోజులు పట్టింది. బస్ టికెట్ లాగా మైలుకింత అని చూస్తాం మనం, ఏం చేస్తాం.

లైసెన్సు ముచ్చట త్వరగా తేలిపోయింది. పదహారేళ్ళు దాటినవాళ్ళు గాలం పట్టుకోవాలంటే వర్జీనియా వన్యప్రాణి శాఖ దగ్గర లైసెన్సు ఆన్‌లైన్‌లో కొనాలి. మేరీలాండ్ నుంచి వచ్చే ఇద్దరికి ఇదే పని ఎక్కువ ఖరీదు. వాళ్ళు కాస్త సణిగి కట్టేశారు. కాబిన్ అద్దె, బ్లూటూత్ స్పీకరు, ఎవరి తల్లిదండ్రులో ఇండియానుంచి వచ్చి ఉన్నారు వాళ్ళని ఏం చెయ్యాలి, శనివారం నాన్‌వెజ్ తిననివాళ్ళెవరు, వదినగారు పులిహోర పెద్ద గిన్నెడు చెయ్యాలా చిన్న గిన్నెడు చాలా... వీటికి నూట ఎనభై మెసేజిలు. నేను నదిమీద పెట్టిన మెసేజిలు ఆరు. లెక్కపెట్టాను కాబట్టి చెప్తున్నా.

ఆ ఆరింటిలో ఒకటి: "ఈత ఎంతమందికి వచ్చు?"

ఎనిమిది బొటనవేళ్ళు లేచాయి. ఒకడు "చిన్నప్పుడు గోదాట్లో ఈదాం బాసూ" అని కూడా కొట్టాడు. రాత్రి పదకొండింటికి వాడే నాకు విడిగా మెసేజి పెట్టాడు. "రేయ్, నాకు ఈత రాదు. గ్రూపులో చెప్పకు."

దీని గురించి కాస్త ఆగి మాట్లాడాలి. వాడు అబద్ధాలకోరు కాదు. ముప్ఫై దగ్గరపడ్డ మగాడు, తొమ్మిదిమంది ముందు, అందులో ఇద్దరు వాడి ఆఫీసువాళ్ళు, "నాకు రాదు" అని రాయగలడా? మన ఊళ్ళల్లో ఈత ఎవరన్నా నేర్పిస్తే వస్తుంది, లేకపోతే రాదు. మా నాన్న తాడు కట్టి కాలవలోకి తోశాడు కాబట్టి నాకొచ్చింది. వాళ్ళ నాన్న నీళ్ళవైపు పోతే కాళ్ళిరగ్గొడతానన్నాడు కాబట్టి వాడికి రాలేదు. ఇద్దరు నాన్నల భయమూ ఒకటే. ఆ తర్వాత ఇంటరు, కోచింగు, ఇంజనీరింగు, ఇక్కడ మాస్టర్సు. ఈతకి టైమెక్కడిది? అందుకని నేను నేర్చుకున్న సూత్రం: ఈత వచ్చా అని గుంపులో అడక్కూడదు. ఒక్కొక్కడికి ఫోన్ చేసి అడగాలి. అలా ఫోన్లు చేస్తే ఇంకో ఇద్దరు బయటపడ్డారు. ఎనిమిది బొటనవేళ్ళలో మూడు ఉత్తివి. (ఈ సంగతి ఇక్కడ రాయొచ్చా అని వాణ్ణి అడిగాను. పేరు లేకుండా రాయి, ఇంకొకడికి పనికొస్తుంది అన్నాడు.)

లైఫ్ జాకెట్లు పడవలవాళ్ళే ఇస్తారు. మనిషికొకటి పడవలో ఉండాలన్నది చట్టం. ఉండటం వేరు, వేసుకోవడం వేరు. జాకెట్ తీసి సీటుకింద పెట్టుకుని కూచుంటే అది దిండు. వేసుకుని, బకిల్సు పెట్టుకుని, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డందాకా రాకూడదు. ఇది నేను అందరికీ చెప్పాను. అందరూ "ఓకే సార్" అన్నారు, స్కూలుపిల్లల్లాగా.

ఇంతలో గురువారం వచ్చింది.

అమెరికాలో నదులకి నాకు నచ్చే విషయం ఏంటంటే, యూఎస్‌జీఎస్ అనే సంస్థ గేజిలు పెట్టి నీళ్ళ ఎత్తు అడుగుల్లో, ప్రవాహం సెకనుకి ఘనపుటడుగుల్లో ఎవరైనా చూసుకునేలా నెట్లో పెడుతుంది. సెకనుకి ఘనపుటడుగు అంటే ఇంకేం కాదు, మన క్యూసెక్కే. ఈ ముక్క మా గ్రూపులో చెప్తే సగం మంది ఆశ్చర్యపోయారు. నాకు వాళ్ళని చూసి ఆశ్చర్యమేసింది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని ఏటా శ్రావణమాసం పూజంత తప్పకుండా వినే జాతి మనది. ధవళేశ్వరంలో 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులు అయితే మొదటి హెచ్చరిక అని మా ఇంట్లో రేడియో లేకుండా చెప్పగలిగినవాళ్ళున్నారు. వరదరోజుల్లో పొద్దున్నే వీధిలో ఎవరు ఎదురైనా "ఎన్నడుగులుందంట?" అనే పలకరింపు. అలాంటిది విమానమెక్కి ఇక్కడ దిగేసరికి నదంటే గూగుల్ మాప్‌లో నీలం గీతయిపోయింది.

వారం మొదట్లో ఫ్రంట్ రాయల్ గేజి దగ్గర 900 చిల్లర క్యూసెక్కులుంది. బంగారంలాంటి నీళ్ళు. బుధవారం రాత్రి పైన హారిసన్‌బర్గ్, స్టాంటన్ వైపు ఉరుములతో కుండపోత. మా ఆష్‌బర్న్‌లో చుక్క పడలేదు. గురువారం మధ్యాహ్నానికి ఎగువ గేజిలు లేవడం మొదలెట్టాయి. ఎగువన పడ్డ నీళ్ళు కిందికి రావడానికి ఒకరోజు అటూ ఇటూగా పడుతుంది. భద్రాచలంలో తగ్గుతుంటే ధవళేశ్వరంలో పెరుగుతూ ఉంటుంది కదా, అదే లెక్క. నేను గ్రాఫు తీసి గ్రూపులో పెట్టాను. "ఇక్కడ ఎండ కాస్తోంది కదరా" అని మొదటి జవాబు, కిటికీలోంచి తీసిన నీలాకాశం ఫొటోతో సహా. శుక్రవారం పొద్దున్న ప్రవాహం 5,000 దాటి ఇంకా లేస్తోంది. పడవలవాళ్ళు ఫోన్లో, శనివారం ఇవ్వం, ఆదివారం సంగతి ఆదివారం పొద్దున్న చూస్తాం అన్నారు.

నేను ట్రిప్పు ఆపేద్దాం అని రాశాను. రెండు రోజులూ.

అప్పుడొచ్చింది అసలైన డైలాగు. మాలో పెద్దవాడు, మేమంతా అన్నా అని పిలిచే మనిషి, "పది లక్షల క్యూసెక్కులు చూసినోళ్ళం తమ్ముడూ, అయిదు వేలకి భయపడతావేంటి?" అన్నాడు. గ్రూపంతా నవ్వులు. నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఆ పది లక్షల్ని మనం చూసింది గట్టుమీద నుంచి. అందులో ప్లాస్టిక్ పడవేసుకుని కూచోలేదు. పైగా గోదావరి అక్కడ కిలోమీటర్ల వెడల్పు, ఇది ఒక పెద్ద రోడ్డు వెడల్పు. నీటివేగం రెండింతలయితే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది, ఇంజనీరింగు మొదటేడు ఫ్లూయిడ్ మెకానిక్స్ బాక్‌లాగ్ ఉన్నవాడికి కూడా తెలిసిన విషయమే. మామూలు రోజుల్లో పడవ తిరగబడితే లేచి నిలబడి నవ్వుకుంటాం. అదే నీళ్ళు జోరుగా పోతున్నప్పుడు నిలబడబోతే పాదం రాళ్ళసందులో ఇరుక్కుంటుంది, ప్రవాహం మనిషిని బోర్లా తోస్తుంది, నడుంలోతు నీళ్ళలో కూడా ప్రాణం పోవచ్చు. వెల్లకిలా తేలుతూ కాళ్ళు ముందుకి చాపి పోవాలి. ఈత రానివాడు భయంలో చేసే మొదటి పని ఏంటి? నిలబడటం. ఇంకోటి, గట్టున పడిపోయిన చెట్లు. కొమ్మలసందుల్లోంచి నీళ్ళు పోతాయి, మనిషి పోడు. బెంటన్‌విల్ దగ్గర నీటికి కాస్తే పైన ఉండే వంతెన ఉంది. నీళ్ళు తక్కువున్నప్పుడు అదొక అందమైన ఫొటో, పెరిగినప్పుడు అదే గోడ.

ఇవన్నీ రాశాను. రాయనిది ఒక్కటే, ముగ్గురికి ఈత రాదన్నది. మాటిచ్చాను కదా. అది లేకుండా నా వాదన సగం బలమే మిగిలింది, నేను వట్టి పిరికివాడిలాగే కనిపించాను.

కాబిన్ డబ్బు వాపసు రాదు. కాబట్టి ఆరుగురు వెళ్ళారు. శనివారం లూరే గుహలు చూశారు, బిర్యానీ తిన్నారు. ఆదివారం నీళ్ళు కాస్త తగ్గి, పడవలవాళ్ళు రబ్బరు రాఫ్టులు మాత్రం ఇచ్చారు. అయిదుగురు ఎక్కారు, ఫోన్లు చేస్తే బయటపడిన ఇద్దరిలో ఒకడితో సహా. బురదనీళ్ళలో చేప ఒక్కటీ పడలేదు కానీ క్షేమంగా, సంతోషంగా తిరిగొచ్చారు. సాయంత్రం గ్రూపులో ఫొటోలు. కింద ఒక వాక్యం: "చూశావా, ఏమీ జరగలేదుగా!"

ఈ 'ఏమీ జరగలేదుగా' అన్నదాంతోనే నా పేచీ. జాగ్రత్తపడ్డవాడి దగ్గర ఎప్పుడూ సాక్ష్యం ఉండదు. ఆగిపోతే ఏమీ జరగదు, వెళ్ళినా తొంభైతొమ్మిదిసార్లు ఏమీ జరగదు, రెండూ ఒకేలా కనిపిస్తాయి. ప్రొడక్షన్‌లో టెస్టు చెయ్యకుండా పెట్టిన కోడ్ నడిచిందని టెస్టింగ్ టీముని తీసేసిన కంపెనీ లాంటి తర్కం ఇది. రాఫ్టు అనేది కెనూ కన్నా నిలకడైనది, నీళ్ళు తగ్గాయి, నదిని రోజూ చూసేవాళ్ళే సరేనన్నారు, అవన్నీ నిజమే. వాళ్ళు చేసింది తప్పని నేననడం లేదు. ఫలితాన్ని చూపించి నిర్ణయం కరెక్టంటేనే ఒప్పుకోను.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో, పైనున్న లార్జీ డామ్ నుంచి వదిలిన నీళ్ళు వచ్చిపడి హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. నేనప్పుడు ఎంసెట్ రాసి రాంకు కోసం చూస్తున్నాను. టీవీముందు మా నాన్న "నువ్వు కాలేజీలో చేరాక ఎక్స్‌కర్షన్ అన్నావంటే చూడు" అన్నాడు, గొంతు వణుకుతూ. వాళ్ళు దిగినప్పుడు అక్కడ నీళ్ళు తక్కువే, రాళ్ళమీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా పాపికొండలు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. 2024లో ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లో లిన్ ఆఫ్ టమెల్ దగ్గర ఇద్దరు, మేలో ఆరిజోనాలో ఫాసిల్ క్రీక్ దగ్గర ఇద్దరు, నలుగురూ మన విద్యార్థులే. ప్రతిసారీ వార్త చదివి 'అయ్యో' అనుకుని గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెడతాం. పక్క మెసేజిలో వీకెండ్ ప్లాను ఉంటుంది.

అందుకని ఇప్పుడు నేను ప్లాను వేసే పద్ధతి తిరగేశాను. రెండు వీకెండ్లు ముందే పెట్టుకోవడం. కాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చే కాబినే తీసుకోవడం, పది డాలర్లెక్కువైనా సరే, ఎందుకంటే కట్టేసిన డబ్బు గేజికన్నా గట్టిగా మాట్లాడుతుంది. ఇన్ని అడుగులు దాటితే వెళ్ళం అన్న అంకె నెలముందే, అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడే, పడవలవాళ్ళని అడిగి రాసిపెట్టుకోవడం. గురువారం సాయంత్రం గేజి చూసి చెప్పే పని ఒక్కడికే ఇవ్వడం. ఆ ఒక్కడూ నేనే కానక్కర్లేదు, చెప్తే వింటారనుకుంటే ఎవరైనా ఫర్వాలేదు.

సెప్టెంబరులో మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి నలుగురమే. నీళ్ళు అప్పటికి తగ్గి అద్దంలా ఉంటాయి, పడవ అక్కడక్కడ రాళ్ళకి గీసుకుంటుంది, చేపకి మనం కనిపిస్తాం కాబట్టి దూరంనుంచి సన్నదారంతో వెయ్యాలి. ఈత రాదని మెసేజి పెట్టినవాడు కౌంటీ రిక్రియేషన్ సెంటర్లో పెద్దవాళ్ళ క్లాసులో చేరాడు. తనతోపాటు నేర్చుకునేది ఇద్దరు అమ్మమ్మల వయసువాళ్ళట, వాళ్ళు తనకన్నా ముందే తేలడం నేర్చేసుకున్నారని తెగ బాధపడుతున్నాడు. మూడో మెసేజి అన్నది. "నేనూ వస్తా తమ్ముడూ" అని. గేజి సంగతి ఒప్పుకున్నాడు, జాకెట్ సంగతి ఒప్పుకున్నాడు. చేపని పట్టి వదిలెయ్యాలన్నదాని దగ్గర మాత్రం పీటముడి పడింది. అడుగు పొడవు చేప అవ్వడానికి మూడు నాలుగేళ్ళు పడుతుందన్నాను. వినలేదు. వేన్స్‌బరోలో డూపాంట్ కర్మాగారం 1929 నుంచి 1950 దాకా వాడిన పాదరసం ఇప్పటికీ ఆ నది మట్టిలో, చేపల ఒంట్లో ఉందనీ, ఎన్ని తినాలో ఎవరు తినకూడదో రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక పెట్టిందనీ లింకు పంపాను. చదివాడు. అరగంట తర్వాత "అయితే దార్లో గ్రోసరీలో టిలాపియా కొందాం, చింతపండు నేను తెస్తా" అన్నాడు.